పసిబిడ్డకు తనదైన మనిషి

అంతవరకు ఎవరు చేతులు చాచినా వెళ్లిన బిడ్డ ఏడెనిమిది నెలలు వచ్చేసరికి కొత్త చేయడం మొదలుపెడుతుంది. పక్కింటావిడ ఎత్తుకోబోతే మూతి విరిచి తల్లి మెడ పట్టుకుంటుంది. తల్లి గది దాటితే దోగాడుతూ వెంటపడుతుంది. కనబడకపోతే గుక్కపట్టి ఏడుస్తుంది. ఇంట్లో పెద్దలు వెంటనే కారణం చెబుతారు: చంకకు అలవాటు చేశారు, ఏడ్చినప్పుడల్లా ఎత్తుకున్నారు, అందుకే ఇప్పుడు దించనివ్వడం లేదు అని. ఈ మాట వెనుక ఒక నమ్మకం ఉంది. ఏడిస్తే ఎత్తుకుంటారని బిడ్డ నేర్చుకుంది కాబట్టి ఏడుస్తోంది, ఎత్తుకోవడం మానేస్తే ఏడుపూ మానేస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మనస్తత్వ శాస్త్రం కూడా దాదాపు ఇదే చెప్పింది. అది తప్పని తేలడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ పొరపాటు బరువంతా ఆసుపత్రుల్లో, అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల మీద పడింది.

అమెరికాలో జాన్ బి. వాట్సన్ 1913లో ప్రవర్తనావాదాన్ని ప్రకటించారు. మనసు లోపల ఏముందో ఎవరూ చూడలేరు, బయటికి కనిపించే ప్రవర్తనను మాత్రమే శాస్త్రం పరిశీలించాలి అన్నది ఆయన వాదం. రష్యాలో పావ్లోవ్ కుక్కల మీద కనిపెట్టిన నిబంధన సూత్రాన్ని, అంటే రెండు విషయాలు పదేపదే జతగా ఎదురైతే ఒకదానికి వచ్చే స్పందన రెండోదానికీ అంటుకుంటుందన్న సూత్రాన్ని, ఆయన మనుషులకు వర్తింపజేశారు. 1920లో రోజలీ రేనర్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగంలో ఏడాది కూడా నిండని ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపించి, వాడు దాన్ని తాకబోయినప్పుడల్లా వెనక ఇనుప కడ్డీని సుత్తితో మోగించారు. ఎలుకంటే భయం లేని ఆ పిల్లవాడు కొన్నిసార్లకే ఎలుక కనబడితే చాలు ఏడవసాగాడు. భయం నేర్పవచ్చని ఇది చూపించింది. ఆ భయాన్ని పోగొట్టే ప్రయత్నం చేయకుండానే పిల్లవాణ్ణి పంపించేశారు. ఇవాళ ఏ విశ్వవిద్యాలయ నైతిక సంఘమూ ఇలాంటి ప్రయోగానికి అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు.

వాట్సన్ అక్కడితో ఆగలేదు. 1928లో తల్లిదండ్రుల కోసం రాసిన పుస్తకంలో పిల్లల్ని కౌగిలించుకోవద్దని, ముద్దు పెట్టుకోవద్దని, ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దని సలహా ఇచ్చారు. మరీ తప్పకపోతే రాత్రి పడుకోబోయే ముందు నుదుటి మీద ఒక్క ముద్దు, పొద్దున లేచాక కరచాలనం. ఆ పుస్తకాన్ని వేలాది కుటుంబాలు కొని చదివాయి. దాని వెనుక ఉన్న తర్కం ఇది. బిడ్డకు పుట్టుకతో ఉన్నది ఆకలి. ఆకలి తీర్చేది పాలు. పాలు ఇచ్చే మనిషి పాలతో పాటు పదేపదే కనిపిస్తుంది కాబట్టి ఆమె మీద ఇష్టం పుడుతుంది. అంటే తల్లి మీద ప్రేమ ఆకలి వెంట వచ్చిన అలవాటు మాత్రమే. ఇతర విషయాల్లో ప్రవర్తనావాదులతో ఏమాత్రం పడని ఫ్రాయిడ్ అనుచరుల్లోనూ చాలామంది ఈ ఒక్క విషయంలో అటూ ఇటుగా ఇదే నమ్మారు.

ఈ తర్కాన్ని సూటిగా పరీక్షకు పెట్టినవారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో. రీసస్ కోతి పిల్లల్ని పుట్టిన కొద్ది గంటల్లోనే తల్లుల నుంచి వేరుచేసి, రెండు బొమ్మ తల్లుల దగ్గర పెంచారు. ఒకటి ఇనుప తీగతో అల్లినది. రెండోది మెత్తని గుడ్డ చుట్టినది. సగం పిల్లలకు పాలసీసా తీగ తల్లికి, మిగతా సగానికి గుడ్డ తల్లికి అమర్చారు. ప్రేమ పాలతోనే పుట్టేదైతే పాలిచ్చే బొమ్మనే పిల్ల అంటిపెట్టుకోవాలి. అలా జరగలేదు. తీగ తల్లి దగ్గర పాలు తాగే పిల్లలు కూడా కడుపు నిండగానే గుడ్డ తల్లి దగ్గరకు వెళ్లిపోయేవి. రోజులో అత్యధిక సమయం దాన్నే కరుచుకుని గడిపేవి. డప్పు కొట్టే ఎలుగుబంటి బొమ్మను గదిలోకి వదిలితే బెదిరి గుడ్డ తల్లి మీదికి ఎగబాకేవి. కాస్త కుదుటపడ్డాక అవే పిల్లలు వెనక్కి తిరిగి, తమను భయపెట్టిన ఆ బొమ్మ వైపు ఆసక్తిగా చూసేవి. ఎన్నిసార్లు చదివినా నన్ను నిలిపివేసేది ఈ చివరి సంగతే. ధైర్యం ఒంటరిగా వదిలేస్తే వచ్చింది కాదు. అంటిపెట్టుకోవడానికి ఒకటి దొరికాక వచ్చింది. హార్లో ఈ ఫలితాలను 1958లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షోపన్యాసంలో ప్రకటించారు. ఆ కోతులు పడిన బాధ చిన్నది కాదు. పూర్తి ఒంటరితనంలో పెరిగిన పిల్లల్లో కొన్ని ఆ తర్వాత తల్లులై తమ బిడ్డల్ని దగ్గరకు రానివ్వలేదు, కొన్ని గాయపరిచాయి కూడా. ఈ జ్ఞానం మూగజీవాల నుంచి బలవంతంగా తీసుకున్నది. కనీసం దాన్ని వృథా పోనివ్వకూడదు.

నిజానికి మనుషుల్లో ఇదే సంగతి అప్పటికే కళ్లెదుట ఉంది. 1945లో రెనె స్పిట్జ్ అనే వైద్యుడు రెండు సంస్థల్లో పెరిగే పసిపిల్లలను పోల్చి రాశారు. ఒకటి జైలుకు అనుబంధంగా ఉన్న శిశుసదనం. అక్కడ ఖైదీలైన తల్లులే తమ బిడ్డల్ని పెంచుకునేవారు. రెండోది శుభ్రతకు, వైద్యానికి లోటు లేని అనాథ శిశుసదనం. అంటువ్యాధులు సోకకుండా ఉయ్యాలకూ ఉయ్యాలకూ మధ్య దుప్పట్లు కట్టేవారు. ఏడెనిమిది మంది బిడ్డలకు ఒక నర్సు. పాలు వేళకు అందేవి, ఎత్తుకునే చేతులు ఉండేవి కావు. అక్కడి పిల్లల్లో మూడింట ఒక వంతుకు పైగా రెండేళ్లలో చనిపోయారు. స్పిట్జ్ పరిశోధన పద్ధతిలో లోపాలున్నాయని తర్వాతివారు చూపించారు, ఆ విమర్శలో పస ఉంది. అయినా ఆయన తీసిన మూగ చలనచిత్రంలో గోడవైపు చూస్తూ కదలకుండా పడుకున్న పిల్లల ముఖాలకు సంజాయిషీ చెప్పడం ఎవరివల్లా కాలేదు.

ఈ చెల్లాచెదురు సంగతులన్నిటినీ ఒక సిద్ధాంతంగా కూర్చినవారు లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో పనిచేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ. తనను చిన్నతనంలో సాకిన ఆయా ఆయనకు నాలుగేళ్లప్పుడు ఇల్లు విడిచి వెళ్లిపోయింది. ఆ బెంగ ఆయన మరిచిపోలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూ వాకిలీ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 1951లో ఒక నివేదిక రాశారు. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఒకప్పుడు ఫ్రాయిడ్ కుమార్తె అనా ఫ్రాయిడ్ నడిపిన శిశుసదనంలో బాయిలర్ చూసుకునే ఉద్యోగి. అక్కడ పనిచేసే ప్రతివారూ పిల్లల్ని గమనించి రాయాలన్నది నియమం కాబట్టి ఆయనకూ ఆ చూపు అలవడింది. 1952లో ఆయన తీసిన చిత్రంలో రెండున్నరేళ్లు కూడా నిండని లారా అనే పాప చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను వార్డులోకి రానిచ్చేది చాలా తక్కువ సేపు. వాళ్లు వచ్చి వెళితే పిల్లలు ఏడుస్తారు, వార్డు క్రమశిక్షణ చెడుతుంది అని సిబ్బంది వాదన. లారా గట్టిగా గొడవ చేయదు. అమ్మ కావాలని అప్పుడప్పుడు అడుగుతుంది, పెదవి బిగబట్టి ఏడుపు ఆపుకుంటుంది, రోజులు గడిచేకొద్దీ తల్లి వచ్చినా ముఖం తిప్పుకుంటుంది.

తల్లి నుంచి విడిపోయినప్పుడు బిడ్డ మొదట గట్టిగా నిరసిస్తుంది, ఆపైన నిరాశలో పడుతుంది, చివరకు ఎవరితోనూ పనిలేనట్టు ఉండిపోతుంది. రాబర్ట్‌సన్, బౌల్బీ గుర్తించిన మూడు దశలివి. మూడో దశలో ఉన్న బిడ్డను చూసి నర్సులు "అలవాటు పడిపోయింది, మంచి పిల్ల" అనుకునేవారు. ఏడుపు ఆగిపోవడం కుదుటపడటం కాదని ఆ చిత్రం చెప్పింది. వైద్యులు చాలామంది మొదట దాని మీద మండిపడ్డారు. 1959లో బ్రిటన్‌లో, ఆసుపత్రుల్లోని పిల్లల సంక్షేమాన్ని పరిశీలించిన ప్లాట్ కమిటీ నివేదిక పిల్లల వార్డుల్లో తల్లిదండ్రులకు వేళల నిర్బంధం ఉండకూడదని సిఫారసు చేసింది. అది ఆచరణలోకి రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది.

బౌల్బీ వివరణ ఇలా సాగుతుంది. మనిషి పిల్ల పుట్టగానే లేచి నడవలేదు, పారిపోలేదు. అడవిలో, మైదానంలో బతికిన కాలంలో పెద్దల దగ్గర ఉన్న బిడ్డే మిగిలింది. కాబట్టి ఏడవడం, నవ్వడం, చూపుతో వెంబడించడం, పట్టుకోవడం, వెంటపడటం ప్రకృతి ఎంపిక వల్ల నిలిచిన ప్రవర్తనలు. అవి పాల కోసం కావు, దగ్గరితనం కోసం. ఆకలి ఎంత సహజమో తనదైన మనిషి దగ్గర ఉండాలన్న కోరికా అంతే సహజం. 1969 నుంచి 1980 వరకు మూడు సంపుటాలుగా ఆయన రాసిన ఈ అనుబంధ సిద్ధాంతంలో నేర్చుకోవడానికీ చోటుంది. బిడ్డ నేర్చుకునేది ఏడవడాన్ని కాదు. తాను పిలిస్తే ఎవరైనా వస్తారా రారా, ఎవరైనా రావలసినంత విలువ తనకుందా లేదా అన్నది నేర్చుకుంటుంది. వేల సార్లు జరిగే చిన్న చిన్న ఘటనలతో మనుషుల గురించి ఒక అంచనా లోపల స్థిరపడుతుంది.

దీన్ని ఇళ్లలోకి వెళ్లి చూసినవారు మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ ఐన్స్‌వర్త్. 1954, 55లో ఆమె ఉగాండాలోని కంపాలా చుట్టుపక్కల ఊళ్లలో 26 కుటుంబాలను ఒక దుబాసీ సాయంతో మళ్లీ మళ్లీ కలిసి, తల్లీబిడ్డల్ని గమనించారు. అనుబంధ సిద్ధాంతానికి తొలి క్షేత్ర పరిశీలన జరిగింది ఆఫ్రికా పల్లెల్లో అన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో చివరి వరుసకు వెళ్లిపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. అక్కడి బిడ్డలు తల్లి ఒడి నుంచి దిగి, దోగాడుతూ కొంత దూరం వెళ్లి, వెనక్కి తిరిగి ఆమె ఉందో లేదో చూసుకుని, మళ్లీ ముందుకు వెళ్లేవారు. తల్లి ఉంటే అన్వేషణ, లేకపోతే అది ఆగిపోవడం. గుంజకు కట్టిన పొడవాటి తాడు ఉన్నప్పుడు లేగదూడ మేసినట్టు, బిడ్డ ఆ భరోసా మేరకే లోకాన్ని చూసి వస్తుంది.

అమెరికా తిరిగొచ్చాక బాల్టిమోర్‌లో మరో 26 కుటుంబాలను బిడ్డ మొదటి ఏడాది పొడవునా పరిశీలించారు. మూడు వారాలకోసారి, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. చివర్లో ప్రయోగశాలలో ఒక పరీక్ష. బొమ్మలున్న కొత్త గదిలోకి తల్లీబిడ్డ వస్తారు, ఒక అపరిచితురాలు వస్తుంది, తల్లి కాసేపు బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. మొత్తం ఇరవై నిమిషాల పైచిలుకు. చాలామంది అనుకునేటట్టు ఇందులో చూసేది తల్లి వెళ్లేటప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందని కాదు, ఆమె తిరిగొచ్చినప్పుడు ఏం చేసిందని. సగానికి పైగా పిల్లలు తల్లి రాగానే దగ్గరకు వెళ్లి, ఊరట పొంది, మళ్లీ ఆటలో పడ్డారు. కొందరు తల్లిని పట్టించుకోనట్టు బొమ్మల వైపు తిరిగారు. ఇంకొందరు ఎత్తుకోమని చేతులు చాస్తూనే, ఎత్తుకుంటే తన్నుతూ, ఎంతకీ ఊరుకోలేదు. పట్టించుకోనట్టున్న పిల్లలు ధైర్యవంతులని చూసేవాళ్లకు అనిపిస్తుంది. గుండె వేగం కొలిచి చూసిన తర్వాతి పరిశోధనల్లో ఆ పిల్లల లోపలి ఆందోళన మిగతావారికి తీసిపోలేదు. దాచుకోవడం నేర్చుకున్నారంతే.

ఇళ్లలో గమనించిన వివరాలతో పోల్చినప్పుడు, బిడ్డ సంకేతాన్ని గుర్తించి, సరిగా అర్థం చేసుకుని, త్వరగా స్పందించిన తల్లుల పిల్లలే ఎక్కువగా మొదటి తరహాలో కనిపించారు. 1972లో సిల్వియా బెల్‌తో కలిసి ఐన్స్‌వర్త్ ఇంకో సంగతి ప్రచురించారు. మొదటి నెలల్లో ఏడుపుకు వెంటనే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువ ఏడ్చారు అని. ఈ రెండో ఫలితాన్ని ప్రవర్తనావాదులు గట్టిగా ప్రశ్నించారు. తర్వాతి పరిశీలనలు దాన్ని పూర్తిగా బలపరచలేదు కూడా. నేను దాన్ని రుజువుగా చూపను. అయితే ఎత్తుకున్నందువల్ల పసిబిడ్డ చెడిపోయిందని చూపే గట్టి ఆధారమూ ఏదీ రాలేదు.

ఈ సిద్ధాంతాన్ని తల్లుల మీద నేరం మోపే సాధనంగా వాడినవారు ఉన్నారు. దానికి బౌల్బీ తొలి రాతలు కొంత అవకాశం ఇచ్చాయి. అనుబంధం ఒక్క తల్లితోనే అన్న అర్థం వాటిలో వచ్చింది. 1964లో షాఫర్, ఎమర్సన్ గ్లాస్గోలో 60 మంది పిల్లలను పరిశీలిస్తే ఏడాదిన్నర వయసుకు ఒక్కరితో మాత్రమే అనుబంధం ఉన్నవారు 13 శాతమే. మిగతావారికి తండ్రో, అవ్వో, తాతో, అక్కో కూడా ఉన్నారు. పుట్టింట్లో పురుడు పోసుకున్న మన ఆడపిల్లలకు ఇది ఒకరు చెప్పక్కరలేదు. బిడ్డకు నలుగుపెట్టి కాళ్ల మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించిన అమ్మమ్మ చేతులు బిడ్డకు తెలుసు. ఐన్స్‌వర్త్ పరీక్ష కూడా అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. జపాన్‌లోని సపోరోలో తకహాషి చేసినప్పుడు పట్టించుకోని తరహా ఒక్కరూ కనబడలేదు, ఊరుకోని తరహా మూడో వంతు ఉన్నారు. తల్లి నుంచి ఎన్నడూ వేరుకాని బిడ్డకు ఆ మూడు నిమిషాల ఎడబాటే భరించరానిది. మన ఇళ్లలో పెరిగే బిడ్డను ఆ గదిలో పెట్టి ముద్ర వేసేముందు ఇది గుర్తుంచుకోవాలి. ఉద్యోగం చేసే తల్లుల గురించి వెయ్యికి పైగా పిల్లలతో అమెరికాలో జరిగిన అధ్యయనం 1997లో చెప్పిందేమిటంటే, బిడ్డను సంరక్షణ కేంద్రంలో ఉంచడం ఒక్కటే అనుబంధాన్ని దెబ్బతీయదు. ఇంట్లో స్పందన కొరవడి, అక్కడి సంరక్షణా నాసిరకమైతే చిక్కు.

అసలు ప్రమాదం ఎవరూ లేకపోవడంలో ఉంది. దీన్ని అత్యంత కచ్చితంగా చూపించింది రుమేనియా. చౌషెస్కూ ప్రభుత్వం 1966లో జనాభా పెంచడానికి గర్భస్రావాన్ని దాదాపు నిషేధించింది. పోషించలేని కుటుంబాలు బిడ్డల్ని ప్రభుత్వ సదనాలకు ఇచ్చేశాయి. 1989లో ఆ ప్రభుత్వం కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు ఆ సదనాల్లో ఉన్నారు. వరుస ఉయ్యాలల్లో, తమను తామే ఊపుకుంటూ, ఏడవడం కూడా మానేసి. 2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుకారెస్ట్‌లో 6 నుంచి 31 నెలల వయసున్న 136 మందిని ఎంచుకుని, చీటీలు తీసి సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపారు. మిగతావారికి అప్పటి మామూలు సంరక్షణ కొనసాగింది. వారిలో ఎవరికైనా కుటుంబం దొరికితే అధ్యయనం అడ్డుపడలేదు. ఈ ఏర్పాటు నైతికత మీద చర్చ ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. 2007లో వెలువడిన ఫలితాల్లో కుటుంబాల్లో పెరిగినవారి తెలివితేటలు స్పష్టంగా మెరుగుపడ్డాయి. ఎంత చిన్న వయసులో వెళితే అంత ఎక్కువ లాభం. రెండేళ్లలోపు వెళ్లినవారిలో అనుబంధం కూడా బాగా కోలుకుంది. అంటే మెదడు ఎదగడానికి తిండి ఎంత అవసరమో మాట్లాడి, నవ్వి, బదులు పలికే ఒక మనిషి కూడా అంతే అవసరం.

వైద్యం ఈ మాట విని తన నియమాలు మార్చుకుంటోంది. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో నెలలు నిండని బిడ్డల్ని తల్లుల గుండెలకు ఆనించి కట్టడం మొదలుపెట్టారు. ఆ కంగారూ సంరక్షణను పుట్టిన వెంటనే ప్రారంభిస్తే ఏమవుతుందని ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో సహా అయిదు దేశాల్లో పరీక్షించారు. 2021లో ప్రచురితమైన ఫలితం ప్రకారం, బిడ్డ పరిస్థితి నిలకడపడే దాకా ఆగి మొదలుపెట్టిన చోట 28 రోజుల్లోపు మరణాలు 15.7 శాతం, వెంటనే తల్లికి ఇచ్చిన చోట 12 శాతం. ఇందులో వెచ్చదనానికి, తల్లిపాలకు, ఇన్ఫెక్షన్లు తగ్గడానికి వాటా ఉంది. అనుబంధం ఒక్కదానికే ఈ లెక్క కట్టలేం. కానీ తల్లిని బయట నిలబెట్టడమే భద్రత అన్న పాత నియమం దీంతో నిలవదు.

మన దగ్గర చేయవలసింది చాలా ఉంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైంది. సరిగ్గా బిడ్డ కొత్త చేయడం మొదలుపెట్టే ముందు అది ముగుస్తుంది. పొలంలో, ఇటుక బట్టీలో పనిచేసే తల్లికి ఆ సెలవూ లేదు. పాలమూరు నుంచి వలస వెళ్లే కూలీ బిడ్డను అవ్వ దగ్గర వదిలితే, అమెరికాలో ఉద్యోగం చేసే దంపతులు ఏడాది బిడ్డను అమ్మమ్మ దగ్గర ఉంచి రెండేళ్లకు తీసుకువెళితే, వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అప్పగించే పద్ధతిలో మాత్రం జాగ్రత్త పడవచ్చు. బిడ్డ కొత్త మనిషికి మాలిమి అయ్యేదాకా కొన్నాళ్లు ఇద్దరూ కలిసి ఉండాలి. బిడ్డ నిద్రపోతుంటే చెప్పకుండా జారుకోకూడదు. తిరిగి తీసుకువెళ్లేటప్పుడు, అప్పటికి బిడ్డకు అమ్మమ్మే తనదైన మనిషి అన్నది మరవకూడదు. అప్పుడు బిడ్డ పెట్టుకునే బెంగ మొండితనం కాదు.

శిశుగృహాలు, పిల్లల వార్డులు నడిపే అధికారులకు ఒక విన్నపం. 2015 బాలల న్యాయ చట్టం పెంపుడు కుటుంబ సంరక్షణకు దారి చూపింది. రెండేళ్లలోపు బిడ్డలకు ఆ దారి ముందుగా తెరవండి. అది కుదిరేవరకు, షిఫ్టు మారినప్పుడల్లా చేతులు మారకుండా, ప్రతి కొద్దిమంది బిడ్డలకు ఒకే ఆయాను కేటాయించి ఆమెను అక్కడే కొనసాగించండి. వార్డులో తల్లికి మంచం పక్కన ఒక కుర్చీ వేయించండి, రాత్రి కూడా ఉండనివ్వండి.